బోనెక్కిన రోగనామం

1957లో ఒక శుక్రవారం నాడు వాషింగ్టన్ నగరంలోని ఫెడరల్ న్యాయస్థానంలో సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రికి చెందిన మనోవైద్యుడొకరు సాక్ష్యం చెప్పాడు. న్యాయస్థానం ముందున్న వ్యక్తిది 'సోషియోపతిక్ పర్సనాలిటీ' అనీ, అయితే అది మానసిక రోగం కిందికి రాదనీ ఆయన వాంగ్మూలం. శని, ఆదివారాలు గడిచాయి. సోమవారం నాటికి ఆసుపత్రి తన విధానాన్ని మార్చుకుంది. ఇకపై ఆ స్థితిని కూడా మానసిక రోగంగానే పరిగణిస్తామని న్యాయస్థానానికి తెలిపింది. ఆ రెండు రోజుల్లో మారింది ఆ మనిషి మనసు కాదు, అతని స్థితికి వైద్యులు పెట్టుకున్న వర్గం.

అంతకు నెల రోజుల లోపే అదే నగరంలో మరొక ముద్దాయికి హత్యానేరం రుజువైంది. అతని విచారణలో కూడా వైద్యులు ఇదే స్థితి గురించి మాట్లాడారు, అది మానసిక రోగం కాదని చెప్పారు. ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో మొదటి తరగతి హత్యకు మరణశిక్ష తప్పనిసరి. తన విచారణ ఒక నెల ఆలస్యంగా జరిగి ఉంటే అవే లక్షణాలకు, అదే ఆసుపత్రి వైద్యులు వేరే సాక్ష్యం చెప్పి ఉండేవారన్నది ఆ ముద్దాయి వాదన. 1959లో అప్పీలు న్యాయస్థానం ఆ వాదనను అంగీకరించి అతనికి మళ్ళీ విచారణ జరిపించాలని ఆదేశించింది.

వైద్యులు తమ అవసరాల కోసం తయారు చేసుకున్న రోగాల పట్టిక న్యాయస్థానంలో ఒక మనిషి ప్రాణాన్ని నిర్ణయించే స్థాయికి ఎలా చేరుకుంది? అక్కడి నుంచి దాన్ని ఎంతవరకు వెనక్కు జరపగలిగారు? ఈ ప్రశ్నల వెనుక దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది.

లెక్కల కోసం పుట్టిన పట్టిక

అమెరికాలో మానసిక రోగాల వర్గీకరణ మొదలైంది న్యాయం కోసం కాదు, చికిత్స కోసం కూడా కాదు, జనాభా లెక్కల కోసం. 1840 జనాభా లెక్కలలో పిచ్చివాళ్ళనూ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళనూ కలిపి ఒకే గడిలో చేర్చారు. ఆ లెక్కల ప్రకారం ఉత్తరాది రాష్ట్రాలలో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతీయులలో పిచ్చి విపరీతంగా ఎక్కువగా కనిపించింది. స్వేచ్ఛ వాళ్ళకు సరిపడదనడానికి ఇదే నిదర్శనమని జాన్ కాల్హూన్ వంటి బానిసత్వ సమర్థకులు వాదించారు. ఎడ్వర్డ్ జార్విస్ అనే వైద్యుడు ఆ లెక్కలను పరిశీలించి, కొన్ని ఊళ్ళలో అసలున్న నల్లజాతీయుల సంఖ్య కంటే పిచ్చివాళ్ళుగా నమోదైన నల్లజాతీయుల సంఖ్యే ఎక్కువగా ఉందని బయటపెట్టాడు. అయినా ప్రభుత్వం ఆ లెక్కలను సరిదిద్దలేదు. మానసిక రోగాల పట్టిక వైద్యం దాటి మరొక రంగంలో అడుగుపెడితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇదొక తొలి ఉదాహరణ.

1880 నాటికి ఆ ఒక్క గడి ఏడు గడులయింది. 1918లో పిచ్చాసుపత్రుల గణాంకాల కోసం 22 వర్గాలతో ఒక కరదీపిక వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికులకు వచ్చిన మానసిక సమస్యలు ఆ వర్గాలలో ఇమడకపోవడంతో సైన్యం తన పట్టికను తాను తయారు చేసుకుంది. దాని ఆధారంగా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1952లో వెలువరించిన పుస్తకమే డి.ఎస్.ఎం. మొదటి కూర్పు. దానికి నాలుగేళ్ళ ముందు, 1948లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అంతర్జాతీయ రోగ వర్గీకరణ, అంటే ఐ.సి.డి., ఆరవ కూర్పులో మానసిక రోగాలకు తొలిసారి ఒక విభాగాన్ని కేటాయించింది. ఆసుపత్రులు ఒకే భాషలో రికార్డులు రాసుకోవాలన్నదే ఈ రెండు పుస్తకాల ఉద్దేశం.

మెక్‌నాటన్ నుంచి సెక్షన్ 84 దాకా

న్యాయశాస్త్రం తన ప్రశ్నను అంతకంటే ముందే వేరే మాటలలో రూపొందించుకుంది. 1843 జనవరి 20న లండన్‌లో డానియల్ మెక్‌నాటన్ అనే స్కాట్లండ్ వాసి, ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ ఆంతరంగిక కార్యదర్శి అయిన ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను తుపాకితో కాల్చాడు. ఐదు రోజుల తరువాత డ్రమ్మండ్ చనిపోయాడు. టోరీలు తనను వెంటాడి వేధిస్తున్నారన్న భ్రాంతిలో మెక్‌నాటన్ ఉన్నాడని అతని తరఫు న్యాయవాది అలెగ్జాండర్ కాక్‌బర్న్ వాదించాడు. అందుకు ఆయన ఆధారం చేసుకున్న గ్రంథాలలో అమెరికన్ వైద్యుడు ఐజక్ రే 1838లో రాసిన న్యాయ మనోవైద్య గ్రంథం ముఖ్యమైనది. సాక్ష్యం చెప్పిన వైద్యులలో అందరూ మెక్‌నాటన్‌ను పరీక్షించినవారు కారు. న్యాయస్థానంలో కూర్చుని విచారణ విని, దాని మీద అభిప్రాయం చెప్పినవారు కూడా ఉన్నారు. జ్యూరీ అతణ్ణి ఉన్మాద కారణంగా నిర్దోషిగా ప్రకటించింది.

తీర్పు మీద దుమారం రేగింది. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి ప్రశ్నలు వేసింది. వారి జవాబులే మెక్‌నాటన్ సూత్రాలయ్యాయి. వాటి సారాంశం ఇది: చర్య జరిగిన సమయంలో, మనోవ్యాధి వల్ల వివేకం లోపించి, తాను చేస్తున్న పని స్వభావాన్ని గాని అది తప్పన్న సంగతిని గాని ముద్దాయి గ్రహించలేని స్థితిలో ఉన్నాడా? ఇందులో ఏ రోగం పేరూ లేదు. ప్రభువుల సభ వేసిన మరొక ప్రశ్న, ముద్దాయిని ముందెన్నడూ చూడకుండా విచారణను మాత్రమే విన్న వైద్యుణ్ణి అతని మానసిక స్థితి గురించి అడగవచ్చా అన్నది. సాక్ష్యంలో ఏది నిజమో తేల్చడం జ్యూరీ పని గనుక, వాస్తవాల మీద వివాదం ఉన్నప్పుడు వైద్యుణ్ణి అలా నేరుగా అడగడం హక్కుగా చెల్లదని న్యాయమూర్తులు జవాబిచ్చారు. నిపుణుడి హద్దు గురించిన చర్చ అప్పటికే మొదలైందన్నమాట.

ఈ సూత్రాలు 1860 నాటి భారత శిక్షాస్మృతిలో సెక్షన్ 84గా ప్రవేశించాయి. అందులో వాడిన పదం రోగం కాదు, మతిస్థిమితం లేకపోవడం. 1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన సాక్ష్య చట్టం సెక్షన్ 45 నిపుణుల అభిప్రాయాలకు చోటిచ్చింది. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఒక ఉదాహరణ గమనించదగినది. ముద్దాయిలో కనిపించిన లక్షణాలు సాధారణంగా మతిస్థిమితం లేకపోవడాన్ని సూచిస్తాయా, అటువంటి స్థితిలో ఉన్నవారు సాధారణంగా తమ చర్య స్వభావాన్ని తెలుసుకోలేరా అన్న విషయాల మీద నిపుణుల అభిప్రాయం సంగతమవుతుందని అది చెబుతుంది. 'సాధారణంగా' అన్న మాట దగ్గర నిపుణుడు ఆగిపోతాడు. ఈ మనిషి, ఆ రోజు, ఆ క్షణంలో ఏ స్థితిలో ఉన్నాడన్నది న్యాయమూర్తి తేల్చవలసిన సంగతి. 2023లో శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు మొదటి ముసాయిదా 'మానసిక రోగం' అన్న మాటను ప్రవేశపెట్టింది. చివరకు ఆమోదం పొందిన చట్టంలో, సెక్షన్ 22లో, పాత మాటే తిరిగి వచ్చింది.

డరమ్ తీర్పు, దాని పర్యవసానం

మెక్‌నాటన్ సూత్రాలు మనిషి మనసును తెలివికి మాత్రమే కుదించాయన్న విమర్శ వైద్యులలో మొదటినుంచీ ఉంది. తప్పని తెలిసి కూడా తనను తాను ఆపుకోలేని వ్యక్తికి వాటిలో చోటులేదు. 1954లో వాషింగ్టన్ అప్పీలు న్యాయమూర్తి డేవిడ్ బాజెలాన్ ఈ విమర్శను మన్నించాడు. మాంటీ డరమ్ అనే వ్యక్తి దొంగతనం కోసం ఒక ఇంట్లో చొరబడిన కేసు అది. పదిహేడేళ్ళ వయసులో నౌకాదళం నుంచి మానసిక కారణాలతో బయటకు వచ్చి, జైలుకూ సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రికీ మధ్య తిరుగుతూ వచ్చిన మనిషి అతను. చట్టవిరుద్ధమైన చర్య మానసిక రోగం లేదా లోపం ఫలితమైతే ముద్దాయి నేరబాధ్యుడు కాడని బాజెలాన్ తీర్పునిచ్చాడు.

ఆయన ఉద్దేశం ఉదారమైనది. మనోవైద్యులు తప్పొప్పుల భాషలో కాకుండా తమ శాస్త్ర భాషలో జ్యూరీకి మనిషి కథ పూర్తిగా చెప్పాలని ఆయన కోరుకున్నాడు. జరిగింది మరొకటి. రక్షణ మొత్తం 'మానసిక రోగం' అన్న మాట మీద ఆధారపడినప్పుడు, ఏది రోగమో చెప్పగలిగిన వ్యక్తి చేతికి తీర్పు వెళ్ళిపోయింది. కథ చెప్పమని పిలిచిన వైద్యుడు పేరు చెప్పి దిగిపోయాడు. 1957 నాటి వారాంతపు మార్పు అంత గొడవకు దారితీయడానికి కారణం అదే. 'సోషియోపతిక్' అన్న పేరు 1952 నాటి డి.ఎస్.ఎం.లో ఉండనే ఉంది. కాని పట్టికలో ఉన్న ప్రతి పేరూ చట్టం చెప్పే రోగమేనా అన్న ప్రశ్నకు పట్టికలో జవాబు లేదు. ఆ జవాబును ఆసుపత్రి తన అంతర్గత నిర్ణయంతో ఇచ్చింది.

1961లో అదే అప్పీలు న్యాయస్థానంలో ఉన్న వారెన్ బర్గర్ దీనిని తీవ్రంగా ఆక్షేపించాడు. తమ మాటల అర్థం మీద తమలో తమకే ఏకాభిప్రాయం లేని మరొక శాస్త్రపు పరిభాష మీద న్యాయసూత్రం నిలబడలేదన్నది ఆయన వాదన. మరుసటి ఏడు మెక్‌డొనాల్డ్ కేసులో ఆ న్యాయస్థానం మానసిక రోగానికి తన సొంత నిర్వచనాన్ని ఇచ్చుకుంది. మానసిక ప్రక్రియలను గణనీయంగా ప్రభావితం చేసి, ప్రవర్తన మీద అదుపును గణనీయంగా దెబ్బతీసే అసాధారణ స్థితి ఏదైనా సరే. వైద్యులు దానికి ఏ పేరు పెట్టారన్నది అప్రస్తుతం. 1967లో బాజెలాన్ తానే, చర్య రోగ ఫలితమా కాదా అన్న తుది అభిప్రాయాన్ని మనోవైద్యులు చెప్పకూడదని నిషేధించి, సాక్షులుగా వచ్చే నిపుణులకు చదివి వినిపించవలసిన సూచనలను తీర్పుకు జతచేశాడు. తలుపు తెరిచిన న్యాయమూర్తే దానికి గొళ్ళెం బిగించవలసి వచ్చింది. 1972లో బ్రానర్ కేసులో ఆ న్యాయస్థానం డరమ్ సూత్రాన్ని పూర్తిగా విడిచిపెట్టింది.

పేరు వెనుక చట్టం, చట్టం వెనుక పేరు

రోగనామం ముద్దాయిని కాపాడే సాధనంగా మాత్రమే న్యాయస్థానంలోకి రాలేదు. 1952 నాటి అమెరికన్ వలస చట్టం 'సైకోపతిక్ పర్సనాలిటీ' ఉన్నవారికి దేశంలో ప్రవేశాన్ని నిరాకరించింది. 1967లో క్లైవ్ బూటిలియే అనే కెనడా దేశస్థుణ్ణి స్వలింగ సంపర్కుడన్న కారణంతో ఆ మాట కింద బహిష్కరించడాన్ని సుప్రీం కోర్టు సమర్థించింది. ఆ పదాన్ని కాంగ్రెస్ వైద్యార్థంలో వాడలేదనీ, స్వలింగ సంపర్కులను మినహాయించడానికే వాడిందనీ కోర్టు వివరణ. అంటే చట్టం వైద్యం నుంచి మాటను తీసుకుంది. ఆ మాట వెంట రావలసిన వైద్య పరీక్షను మాత్రం వద్దంది.

1973 డిసెంబరులో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ సంపర్కాన్ని రోగాల జాబితా నుంచి తొలగించింది. మరుసటి ఏడు సభ్యుల ఓటింగులో 5,854 మంది ఆ నిర్ణయాన్ని సమర్థించగా 3,810 మంది వ్యతిరేకించారు. ఓటుతో పుట్టి ఓటుతో పోయేది రోగమెలా అవుతుందని విమర్శకులు ఎద్దేవా చేశారు. చట్టం మాత్రం అక్కడే ఉండిపోయింది. 1979లో ప్రజారోగ్య శాఖ, ఇకపై ఈ కారణం మీద వైద్య ధ్రువపత్రాలు ఇవ్వబోమని ప్రకటించింది. వలస చట్టం నుంచి ఆ నిషేధం తొలగింది 1990లోనే. శాస్త్రం విడిచిపెట్టిన పేరును చట్టం మరో పదిహేడేళ్ళు పట్టుకుని ఉంది.

కొలమానం వచ్చింది, ప్రశ్న మిగిలింది

1960ల చివర న్యూయార్క్, లండన్ ఆసుపత్రులను పోల్చిన ఒక అధ్యయనం మనోవైద్యులను ఇబ్బంది పెట్టింది. న్యూయార్క్ వైద్యులు స్కిజోఫ్రీనియా అన్న నిర్ణయాన్ని లండన్ వైద్యుల కంటే చాలా ఎక్కువగా ఇస్తున్నారు. రెండుచోట్లా ఒకే పద్ధతిలో రోగులను ప్రశ్నించి చూసినప్పుడు ఆ తేడా చాలావరకు మాయమైంది. తేడా రోగులలో కన్నా వైద్యుల అలవాట్లలో ఎక్కువగా ఉందన్నమాట. దీనికి జవాబుగా రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో 1980లో వచ్చిన డి.ఎస్.ఎం. మూడవ కూర్పు ప్రతి రోగానికీ స్పష్టమైన ప్రమాణాలను ఇచ్చింది. ఇన్ని లక్షణాలలో ఇన్ని, ఇంత కాలం పాటు ఉండాలి అన్న లెక్క అది.

న్యాయవాదులకు ఇది వరంలా కనిపించింది. సాక్షిని ప్రశ్నించడానికి ఒక పుస్తకం, ఒక జాబితా చేతికి వచ్చాయి. రెండేళ్ళలోనే అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిపిన జాన్ హింక్లీ విచారణలో దాని పరిమితి బయటపడింది. ఒకే మనిషిని పరీక్షించిన నిపుణులలో రక్షణ పక్షం వారు స్కిజోఫ్రీనియా అన్నారు, ప్రాసిక్యూషన్ పక్షం వారు వ్యక్తిత్వ లోపాలన్నారు. 1982 జూన్ 21న జ్యూరీ అతణ్ణి ఉన్మాద కారణంగా నిర్దోషి అన్నది. 1984లో కాంగ్రెస్ చట్టాన్ని బిగించింది. నేరానికి అవసరమైన మానసిక స్థితి ముద్దాయికి ఉందో లేదో చెప్పే అధికారాన్ని ఫెడరల్ న్యాయస్థానాలలో నిపుణుల నుంచి తీసివేసింది.

వైద్యుల పుస్తకం కూడా తన హద్దును తాను గీసుకుంది. వైద్యనిర్ణయానికీ చట్టం అడిగే తుది ప్రశ్నకూ మధ్య పొంతన అసంపూర్ణమని 1994 నాటి నాలుగవ కూర్పు హెచ్చరించింది. 2013 నాటి ఐదవ కూర్పు న్యాయస్థానాలలో వాడకం గురించి ప్రత్యేకంగా ఒక హెచ్చరికను చేర్చింది. దీనికి కారణాలు ఆ ప్రమాణాలలోనే ఉన్నాయి. తీవ్రమైన డిప్రెషన్‌కు తొమ్మిది లక్షణాలలో ఐదు చాలు. కాబట్టి ఒకే రోగనామం ఉన్న ఇద్దరు మనుషులకు ఉమ్మడిగా ఉన్నది ఒకే ఒక్క లక్షణం కావచ్చు. పైగా నిర్ణయం జరిగేది పరీక్ష చేసిన రోజున. చట్టం అడిగేది నేరం జరిగిన రోజు గురించి. ఆసుపత్రిలో రోగి తన బాధ తగ్గాలని మాట్లాడతాడు. జైలులో ముద్దాయికి తన మాట మీద తన భవిష్యత్తు ఆధారపడి ఉందని తెలుసు.

అయితే చట్టం వైద్యాన్ని పూర్తిగా పక్కన పెట్టినప్పుడు కూడా అన్యాయమే జరుగుతుంది. బుద్ధిమాంద్యం ఉన్నవారికి మరణశిక్ష విధించరాదని 2002లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పునిచ్చిన తరువాత ఫ్లోరిడా రాష్ట్రం ఐ.క్యూ. 70ని గీతగా పెట్టుకుంది. 71 వస్తే ఇక వేరే సాక్ష్యం వినదు. ఏ ఐ.క్యూ. పరీక్షకైనా కొలతలో కొంత తేడా ఉంటుందని, ఒక్క అంకె మీద మనిషిని తేల్చరాదని వైద్యరంగం మొత్తం చెబుతూనే ఉంది. 2014లో సుప్రీం కోర్టు, ఐదుగురు నలుగురుగా చీలి, ఆ గీతను కొట్టివేసింది. చట్టపరమైన నిర్ణయం వైద్యనిర్ణయం కాదు గాని, వైద్య ప్రమాణాలను విస్మరించే స్వేచ్ఛ కూడా చట్టానికి లేదన్నది ఆ తీర్పు సారాంశం.

భారతీయ న్యాయస్థానాలలో

భారతదేశంలో ఈ చర్చ హత్య కేసులలో ఎంత జరిగిందో కుటుంబ వివాదాలలోనూ అంత గట్టిగా జరిగింది. హిందూ వివాహ చట్టం స్కిజోఫ్రీనియాను పేరుతో సహా ప్రస్తావించిన చట్టం కావడం అందుకొక కారణం. 1988లో సుప్రీం కోర్టు, రోగనామం ఒక్కటే విడాకులకు చాలదని, ఆ రోగం ఏ స్థాయిలో ఉందో, దానితో కాపురం చేయలేనంత కష్టం ఉందో లేదో చూడాలని స్పష్టం చేసింది.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక వివాదంలో 2013లో ఆ సూత్రం మళ్ళీ పరీక్షకు నిలిచింది. భార్యకు స్కిజోఫ్రీనియా ఉందంటూ విడాకులు కోరింది భర్త. హైదరాబాదు మానసిక చికిత్సాలయ నిపుణుల బృందం ఆమెను పరీక్షించి, స్కిజోఫ్రీనియా తరహా రోగం ఉన్నప్పటికీ ప్రస్తుతం ఆ లక్షణాలు లేవని, చికిత్స బాగా పనిచేసిందని నివేదించింది. ఆమె ఆ తరువాత పోస్టు గ్రాడ్యుయేట్ చదువు పూర్తిచేసి ప్రభుత్వ వైద్యాధికారిగా పనిచేస్తోంది. కింది కోర్టు భర్తకు విడాకులిచ్చింది. హైకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. సుప్రీం కోర్టు హైకోర్టునే సమర్థించింది. నివేదికలోని మొదటి సగాన్ని మాత్రమే చదివితే ఆమె రోగి. రెండవ సగం కూడా చదివితే ఆమె రోజూ రోగులను చూస్తున్న వైద్యురాలు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ చరిత్ర సారాన్ని ఒకే సెక్షన్‌లోకి తెచ్చింది. మానసిక రోగాన్ని ఐ.సి.డి. తాజా కూర్పుతో సహా జాతీయంగా లేదా అంతర్జాతీయంగా ఆమోదం పొందిన వైద్య ప్రమాణాల ప్రకారమే నిర్ణయించాలని మూడవ సెక్షన్ ఆదేశిస్తుంది. మతం, రాజకీయ విశ్వాసం, ఇరుగుపొరుగు వారి నైతిక విలువలతో పొసగకపోవడం వంటివి అందుకు ఆధారం కారాదంటుంది. అదే సెక్షన్‌లో మరొక ఉపనిబంధన, రోగం ఉందని నిర్ణయించినంత మాత్రాన, న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప, ఆ వ్యక్తిని మతిస్థిమితం లేనివానిగా భావించరాదని చెబుతుంది. పేరు పెట్టే పని వైద్యానిది, పర్యవసానం తేల్చే పని న్యాయస్థానానిది.

2019లో మరణశిక్ష పడిన ఒక ఖైదీ కేసులో, అతని పేరును సైతం గోప్యంగా ఉంచి, సుప్రీం కోర్టు ఈ విభజనను ఆచరణలో పెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ ఎన్.వి. రమణ. శిక్ష పడిన తరువాత వచ్చిన తీవ్రమైన మానసిక రోగం మరణశిక్షను తగ్గించడానికి కారణం కావచ్చునని ఆ తీర్పు అంగీకరించింది. కాని ఏ రోగమైనా చాలదని, తనకు విధించిన శిక్ష స్వభావాన్ని, ప్రయోజనాన్ని ఖైదీ గ్రహించలేనంత తీవ్రంగా అది ఉండాలని గీత గీసింది. ఆ ఖైదీ శిక్ష జీవితాంత ఖైదుగా మారింది.

ఈ చరిత్రను దృష్టిలో పెట్టుకుంటే, న్యాయస్థానానికి పనికివచ్చే నిపుణుడి నివేదిక ఎలా ఉండాలో కొంత తెలుస్తుంది. రోగం పేరు అందులో ఉంటుంది, ఏ కూర్పులోని ఏ ప్రమాణాల ప్రకారం ఆ నిర్ణయానికి వచ్చారో కూడా ఉంటుంది. ఆ తరువాత, చట్టం అడిగిన రోజున ఆ మనిషిలో ఏ లక్షణాలు ఉండేవి, ఆ సంగతి ఎవరి మాట వల్ల, ఏ రికార్డు వల్ల తెలిసింది, ఆ లక్షణాలు అతని ఏ శక్తిని ఎంతవరకు దెబ్బతీశాయి అన్న వివరణ ఉంటుంది. ఇంతకు మించి తాను చెప్పలేనిది ఏమిటో కూడా ఉంటుంది. 1957లో ఆ సోమవారం నాడు న్యాయస్థానానికి అందింది మారిన పేరు ఒక్కటే. మిగిలిన వివరణ కూడా అంది ఉంటే, పేరు శుక్రవారం ఒకటిగా, సోమవారం మరొకటిగా ఉన్నా, ఆ మనిషి గురించి న్యాయస్థానం తెలుసుకోవలసింది మారి ఉండేది కాదు.